ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మార్చేద్దాం అనుకునే ముందు ఇవి చూడండి

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేం పైథాన్‌లో తూకం బిల్లుల సాఫ్ట్‌వేర్ చేశాం. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్ల వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక్కో తూకం స్లిప్‌కి నిమిషం పట్టేది, ఎండలో రైతులు నిలబడి ఉంటే మాకు టెన్షన్. గో అనే ఇంకో లాంగ్వేజ్‌లో మళ్లీ రాద్దామని టీమంతా పట్టుబట్టింది.

సమస్య: రద్దీలో స్లో
కారణం లాంగ్వేజ్ కాదు. రైతు పాత బాకీ చూడటానికి ప్రతి స్లిప్‌కీ డేటాబేస్‌లోని మొత్తం టేబుల్ మొదటి నుంచీ చదువుతోంది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఆ క్వెరీ (డేటా అడిగే ఆదేశం) ముందు అది ఎలా నడుస్తోందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి నడిపితే సీక్వెన్షియల్ స్కాన్, అంటే వరసగా అన్నీ చదవడం, అని కనిపించింది, రైతు కోడ్ మీద ఇండెక్స్ (పుస్తకం వెనక సూచిక లాంటిది) వేశాం, స్లిప్ వెంటనే వచ్చింది. గోలో రాసినా డేటాబేస్ చేసే పని అదేగా! అందుకే ముందు టైం ఎక్కడ పోతోందో కొలవండి, తర్వాతే వాదించుకోండి.

సమస్య: ప్రాసెసర్‌లో ఒక కోర్ 100 శాతం పనిలో, మిగతావి ఖాళీ
ఇది మాత్రం నిజంగా లాంగ్వేజ్ సంగతే. మామూలు పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం ఉంటుంది, ఎన్ని థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) పెట్టినా ఒకసారికి ఒక్కటే పైథాన్ కోడ్ నడుపుతుంది. 2024లో వచ్చిన పైథాన్ 3.13 వెర్షన్‌లో ఆ తాళం లేని బిల్డ్‌ను ప్రయోగాత్మకంగా ఇచ్చారు. ముందు మల్టీప్రాసెసింగ్, అంటే పనిని వేర్వేరు ప్రాసెస్‌లుగా పంచడం, వాడి చూడండి, చాలకపోతే ఆ బరువు పని ఒక్కటే గోకో జావాకో ఇవ్వండి, మొత్తం కదపొద్దు.

సమస్య: బిల్లులో పైసల తేడా
0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ మూడింటిలోనూ ఇంతే, ఎందుకంటే దశాంశాలు దాచే ఫ్లోట్ అనే టైపు బైనరీలో (0, 1 అంకెలతో) పనిచేస్తుంది, అందులో 0.1 కచ్చితంగా ఇమడదు. దశాంశాన్ని ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ టైపు వాడండి, లేదా అన్నీ పైసల్లో పూర్ణసంఖ్యలుగా దాచండి. రైతు డబ్బుకి ఫ్లోట్ వాడటం తప్పు, అంతే.

సమస్య: రాసినవాళ్లు వెళ్లిపోతే కోడ్ ముట్టుకునేవాళ్లు లేరు
నన్నడిగితే అన్నింటికన్నా పెద్దది ఇదే. మా దగ్గర ఒక తమ్ముడు రిపోర్టు భాగాన్ని రస్ట్ అనే లాంగ్వేజ్‌లో రాశాడు, బాగా రాశాడు కూడా, కానీ అతను బెంగళూరు వెళ్లాక ఒక్క రేటు మార్చడానికి రాత్రి పదింటికి అతన్నే లేపాల్సి వచ్చింది. ఆఫీసులో కనీసం ఇద్దరు చదివి దిద్దగలిగే లాంగ్వేజ్‌నే తీసుకోండి. మేం ఆ భాగాన్ని పైథాన్‌లోకి తెచ్చుకున్నాం, కొంచెం నెమ్మదే, కానీ ఇప్పుడు ముగ్గురం దిద్దగలం.