పిల్లల మ్యాచ్ చూడ్డానికి వెళ్తే చలికి తట్టుకోలేకపోతున్నారా? సమస్య ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

శనివారం పొద్దున్నే మ్యాచ్ అంటే పిల్లల జెర్సీ, బూట్లు, నీళ్ళ సీసా అన్నీ ముందురోజు రాత్రే సర్దేస్తాం. మన సంగతికొచ్చేసరికి చేతికి దొరికిన స్వెటర్ తగిలించుకుని కారెక్కేస్తాం. మొదటి పావుగంట బాగానే ఉంటుంది. ఆ తర్వాత కాళ్ళు మొద్దుబారడం మొదలవుతుంది, ఇక కళ్ళు ఆట మీద, మనసు వాచీ మీద. మా అమ్మాయి మొదటి గోల్ కొట్టి నేను రోజూ నిలబడే చోటుకేసి చూసింది. నేనక్కడ లేను, కారులో హీటర్ ముందు చేతులు కాచుకుంటున్నాను. ఆ రోజు నుంచి చలి బట్టల విషయం నేను తేలిగ్గా తీసుకోలేదు.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లకి, గట్టు మీద కూర్చున్న మనకి వాతావరణం ఒకటే, ఒంట్లో పుట్టే వేడి మాత్రం ఒకటి కాదు. కదలకుండా కూర్చున్న పెద్ద మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు, అంటే పాతకాలం బల్బు ఒకదాని అంత. పరిగెత్తేటప్పుడు అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 'క్లో' అని ఒక కొలమానం ఉంది, 1941లో వచ్చింది. గాలి కదలని 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండటానికి ఎంత బట్ట కావాలో అది ఒక క్లో, దాదాపు ఒక సూటు వేసుకున్నంత. అదే మనిషి సున్నా డిగ్రీల్లో అలాగే కూర్చోవాలంటే సుమారు నాలుగు క్లోలు కావాలి. అక్కడే పరిగెత్తుతున్న పిల్లకి ఒక్కటి కూడా అక్కర్లేదు. కాబట్టి పిల్ల ఏం వేసుకుందో చూసి మనం బట్టలు వేసుకుంటే లెక్క తప్పినట్టే.

ఇక మీకు చలి ఎక్కడ మొదలవుతోందో గుర్తు తెచ్చుకుని కింద ఆ చోటు చూడండి.

ఇంటి దగ్గర చలే అనిపించలేదు, గ్రౌండ్‌కి వచ్చిన అరగంటకి వణుకు

కారణం గాలి. ఇంటి చుట్టూ గోడలు, చెట్లు అడ్డం ఉంటాయి, గ్రౌండ్ అంటే నలువైపులా ఖాళీ. ఫోన్లో 5 డిగ్రీలు అని చూసి బయల్దేరతాం, అక్కడ గంటకి 30 కిలోమీటర్ల వేగంతో గాలి కొడుతుంటే ఒంటికి సున్నాలాగే తగులుతుంది. వాతావరణం యాప్‌లో మామూలు ఉష్ణోగ్రత పక్కన 'ఫీల్స్ లైక్' అని ఇంకో అంకె ఉంటుంది, మీరు చూడాల్సింది అది. నేనైతే అందులోంచి కూడా ఇంకో ఐదారు డిగ్రీలు తీసేసి బట్టలు తీస్తాను, ఎందుకంటే ఆ అంకె నడుస్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని లెక్కకట్టింది, మనం కూర్చునేవాళ్ళం.

పరిష్కారం: పైన వేసుకునేది గాలిని ఆపేదై ఉండాలి. ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. జర్కిన్ గుడ్డని నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అవతలి వైపు అరచెయ్యి పెట్టండి. ఊపిరి చేతికి తగిలిందా, గ్రౌండ్‌లో గాలి కూడా అలాగే లోపలికి వస్తుంది. ఎంతో మందంగా, మెత్తగా కనిపించే ఫ్లీస్ జాకెట్లు చాలావరకు ఈ పరీక్షలో పోతాయి. వాటిని పారేయక్కర్లేదు, పైన ఒక పల్చటి విండ్‌చీటర్ వేస్తే అవే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కొనేటప్పుడు ఇంకొకటి చూసుకోండి, జాకెట్ పొడవు తొడల దాకా రావాలి. నడుము దగ్గరే ఆగిపోయేది అయితే వంగిన ప్రతిసారీ వీపు వెనక నుంచి చలిగాలి దూరుతుంది.

మూడు స్వెటర్లు వేసుకున్నా చలే

వీపు కింది భాగంలో, నడుము పైన, చెయ్యి లోపలికి పెట్టి బనియన్ తడిమి చూడండి. చెమ్మగా తగిలితే కారణం దొరికినట్టే. పార్కింగ్ నుంచి కుర్చీలు, కిట్ బ్యాగు, బంతుల సంచీ మోసుకుంటూ గబగబా నడిచి వస్తాం, అన్నీ వేసుకునే ఉంటాం కాబట్టి చెమట పడుతుంది. నూలు బనియన్ ఆ చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుని ఉంటుంది. నీళ్ళు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, అందుకే పైన ఎన్ని వేసినా లోపల తడిగుడ్డ చుట్టుకున్నట్టే ఉంటుంది.

ఒంటికి ఆనుకునే బట్ట నూలుది వద్దు. సన్నటి ఉన్ని గానీ, పాలిస్టర్ థర్మల్స్ గానీ వేసుకోండి. పాలిస్టర్ నీళ్ళు దాదాపు పీల్చదు, త్వరగా ఆరిపోతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. నా ఓటు ఉన్నికే, చెమట వాసన కూడా తక్కువ పడుతుంది. ఇంకో పని, ఇది పైసా ఖర్చు లేనిది: కారు దిగి నడిచేటప్పుడు పై జాకెట్ వేసుకోకండి, చేతిలో పట్టుకోండి. కాస్త చలేసినా పర్లేదు. కూర్చున్నాక, ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉండగానే వేసుకోండి. చలేసిందాకా ఆగి వేసుకుంటే మళ్ళీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

చెమ్మ లేదు, అయినా చలేస్తోందంటే స్వెటర్లు బిగుతుగా ఉన్నాయేమో చూడండి. వెచ్చదనమంతా పొరల మధ్య నిలబడిన గాలిది. ఒకదానిమీద ఒకటి బిగించేస్తే ఆ గాలికి చోటుండదు. మూడు బిగుతు స్వెటర్ల కంటే ఒక వదులు స్వెటర్, దానిమీద కాస్త పెద్ద సైజు జాకెట్ నయం.

కాళ్ళు, ముఖ్యంగా కాలివేళ్ళు

అందరూ ఎక్కువగా చెప్పేది ఇదే, అందరూ తప్పుగా సరిచేసుకునేదీ ఇదే. కాళ్ళకి చలేస్తే వెంటనే రెండో జత సాక్సులు వేస్తారు. మామూలు బూటులో రెండు జతలు దూర్చితే పాదం నొక్కుకుపోతుంది, రక్తం సరిగ్గా ఆడదు, గాలికీ చోటుండదు, ముందుకంటే ఎక్కువ చలేస్తుంది. బూటు వేసుకుని లేసులు కట్టాక లోపల వేళ్ళు ముడిచి చాపగలగాలి. అది కుదరకపోతే ఒక జత తీసేయండి. ఒక్క జత మందపాటి ఉన్ని సాక్సులు, అరసైజు పెద్ద బూటు, అంతే.

ఇక నేల. చల్లటి తడినేల మీద గంటసేపు నిలబడితే అరికాలి నుంచి వేడి కిందికి దిగిపోతూనే ఉంటుంది, పైన ఎన్ని కప్పుకున్నా ఆ దారి మూసుకోదు. మా ఇంట్లో చిరిగిపోయిన యోగా మ్యాట్ ఒకటి ఉంటే రెండడుగుల ముక్క కోసి తీసుకెళ్ళాను. దాని మీద నిలబడిన మొదటి రోజే తేడా తెలిసింది. పక్కన నిలబడిన ఒకావిడ అడిగి మరీ కాసేపు దాని మీద నిలబడ్డారు, తర్వాతి వారానికి ఆవిడా ఒకటి తెచ్చుకున్నారు. మ్యాట్ లేకపోతే అట్టపెట్టె విప్పి పరచండి, నేల తడిగా ఉంటే రెండు మూడు మడతలు వేయండి.

పొద్దున్నే గడ్డి మీద మంచు ఉంటుంది. జాలీ జాలీగా ఉండే స్పోర్ట్స్ షూస్ వేసుకొస్తే పది అడుగులకే ముందుభాగం తడిసిపోతుంది, ఇక ఆ రోజుకి ఆ కాళ్ళు వెచ్చబడవు. నీళ్ళు దిగని బూట్లే వేసుకోండి. కారులో హీటర్ పాదాల మీదకి పెట్టుకుని వచ్చేవాళ్ళయితే లోపల చెమట పట్టే ఉంటుంది, కాబట్టి గ్రౌండ్ దగ్గరికి వచ్చాక పొడి సాక్సులు మార్చుకోండి. రెండు నిమిషాల పని. చాలామందికి ఇది విడ్డూరంగా అనిపిస్తుంది గానీ ఒక్కసారి చేసి చూడండి.

కూర్చున్నచోట చలి, నడుం దాకా పాకుతోంది

అల్యూమినియం బెంచీ వేడిని చెక్క కంటే ఎంతో వేగంగా లాగేస్తుంది. పైగా మన ఒంటి బరువుకి కింద ఉన్న బట్ట నలిగి పల్చబడిపోతుంది, ఎంత దళసరి జాకెట్ అయినా కూర్చున్న చోట కాగితంలా అయిపోతుంది. నలగనిది కావాలి కాబట్టి గట్టి ఫోమ్ ముక్క వేసుకోండి, ఇందాకటి మ్యాట్‌లోంచే ఇంకో ముక్క కోసుకోవచ్చు. దుప్పటి మడిచి వేసుకుంటే కొంత నయం, అది కూడా నలుగుతుంది. మడత కుర్చీ తెచ్చుకునేవాళ్ళు అందులో తమకి చలి తగలదనుకుంటారు, కానీ దాని గుడ్డ కింద నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది, అక్కడా ఫోమ్ వేయాల్సిందే. ఒళ్ళో ఒక రగ్గు వేసుకుని అంచులు తొడల కిందికి దోపండి. జీన్స్ మాత్రం వద్దు. నూలే కదా, గాలి ఆగదు, తడిస్తే ఆరదు. లోపల థర్మల్ లెగ్గింగ్, పైన వదులు ట్రాక్ ప్యాంటు వేసుకుంటే ఆ సంగతే మర్చిపోతారు.

వేళ్ళు కొంకర్లు పోతున్నాయి

ముందు గ్లౌజులు చూడకండి, మెడ, ఛాతీ చూడండి. గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడి తగ్గుతోందని ఒంటికి తెలియగానే చేతులకి, కాళ్ళకి వెళ్ళే రక్తనాళాలని కుదించేస్తుంది, ఉన్న వేడిని లోపలే దాచుకోవడానికి. అందుకే మఫ్లర్ చుట్టి, ఒక స్లీవ్‌లెస్ స్వెటర్ అదనంగా వేస్తే పది నిమిషాల్లో వేళ్ళు వాటంతటవే వెచ్చబడటం చాలాసార్లు చూశాను.

అయినా తగ్గకపోతే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ తీసుకోండి. వేళ్ళు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. లోపల పల్చటి గ్లౌజులు వేసుకుంటే ఫోటో తీయాల్సి వచ్చినప్పుడు మిట్టెన్ ఒక్కటి తీస్తే చాలు, చర్మం బయటపడదు. జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్లలో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితే తుప్పు పడుతూ వేడి ఇస్తుంది. మ్యాచ్ త్వరగా అయిపోతే దాన్ని గాలి చొరని జిప్ కవర్లో వేసి మూసేయండి, ఆగిపోతుంది, మిగిలింది తర్వాత వాడుకోవచ్చు. వీటిని నేరుగా చర్మానికి ఆనించి ఉంచకండి, చలికి మొద్దుబారిన చేతికి కాలుతున్న సంగతి తెలియదు. చంటిపిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారుతూ, ఇది మళ్ళీమళ్ళీ జరుగుతుంటే రేనాడ్స్ అనే ఇబ్బంది కావచ్చు, డాక్టర్‌కి చూపించండి.

చిన్నచిన్నవి

చెవులు నొప్పి పుడుతుంటే మంకీ క్యాప్ కంటే మెడ నుంచి పైకి లాక్కునే గొట్టం లాంటి మఫ్లర్, చెవులు మూసే టోపీ కలిపి వాడటం సుఖం, వేడెక్కితే ఏదో ఒకటి తీసేయొచ్చు. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందనేది నిజం కాదు, తల వాటా సుమారు పదో వంతే. అందుకని టోపీ మానేయకండి, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి.

కళ్ళజోడు మసకబారుతుంటే మఫ్లర్ ముక్కు కిందికి దించండి, ఊపిరి పైకి ఎగదన్నుతోంది. ఫోన్ ఛార్జింగ్ ఉన్నట్టుండి పడిపోతే అది చలి పనే, లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టండి. సన్నజల్లు పడుతుంటే ఈకలు నింపిన జాకెట్ పైన తప్పకుండా రెయిన్‌కోట్ వేయండి, ఈకలు తడిసి ముద్దయితే వెచ్చదనం పోతుంది.

ఇది బట్టలతో తీరేది కాదు

వణుకు ఆపుకోలేకపోవడం, మాట తడబడటం, జిప్ వేసుకోవడం కూడా చేతకాకపోవడం, అయోమయంగా మాట్లాడటం, ఇవి ఎవరిలో కనిపించినా మ్యాచ్ సంగతి వదిలేయండి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే లోపలికి తీసుకెళ్ళి తడిబట్టలు విప్పి పొడివి కప్పండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మనిషి వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, అది ఇంకా ప్రమాదం. మ్యాచ్‌కి వచ్చే తాతయ్యలు, అమ్మమ్మల మీద ఒక కన్ను వేసి ఉంచండి, వాళ్ళు చలేస్తోందని నోరు తెరిచి చెప్పరు.

ఆట ఆపగానే పిల్లలకి చలి

విజిల్ ఊదిన క్షణం నుంచి పిల్ల ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, ఒంటి మీద చెమటతో తడిసిన జెర్సీ అలాగే ఉంటుంది. పైన జాకెట్ వేసి ఊరుకుంటే సరిపోదు. ముందు జెర్సీ విప్పించి, తుడిచి, పొడి టీషర్ట్ వేసి, అప్పుడు జాకెట్. సబ్‌స్టిట్యూట్‌గా బెంచీ మీద కూర్చునే పిల్లలకి ఇంకా జాగ్రత్త కావాలి, వాళ్ళూ మనలాగే కదలకుండా ఉంటారు, పైగా వార్మప్‌లో చెమట పట్టి ఉంటుంది. కోచ్‌ని అడిగి వాళ్ళ భుజాల మీద పెద్దవాళ్ళ జాకెట్ ఒకటి వేయండి.

వెంట చంటిపిల్ల ఉంటే ఒక మాట. ఉబ్బుగా ఉండే జాకెట్‌తో కారు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టకండి. బెల్టు బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, గుద్దుకుంటే జాకెట్ నలిగిపోయి బెల్టు వదులైపోతుంది. జాకెట్ తీసి, బెల్టు పెట్టి, ఆ మీద జాకెట్‌నే దుప్పటిలా కప్పండి.

ఆదివారం కూడా మ్యాచ్ ఉంటే శనివారం ఇంటికి రాగానే బూట్లలోంచి లోపలి అట్టలు బయటికి తీసి, బూట్లలో పాత న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కుక్కండి. రెండు గంటల తర్వాత ఆ పేపరు తీసేసి పొడిది పెట్టండి. గ్లౌజులు తిరగేసి ఆరేయండి. ఫోమ్ ముక్కలు మాత్రం కారులోంచి తీయొద్దు.