పిల్లల స్కాన్‌లో అనుకోకుండా ఊపిరితిత్తుల నాడ్యూల్ కనిపిస్తే ఏం చేయాలి?

కడుపునొప్పికి కావలిలోనో కందుకూరులోనో పొట్ట సీటీ స్కాన్ తీయించినప్పుడు, లేదా రహదారి ప్రమాదంలో దెబ్బలు తగిలిన పిల్లవాడికి ఒంగోలులో స్కాన్ చేసినప్పుడు, అసలు సమస్యతో సంబంధం లేకుండా "కుడి ఊపిరితిత్తి అడుగున 4 మి.మీ. నాడ్యూల్" అన్న వాక్యం రిపోర్టులో కనబడవచ్చు. నాడ్యూల్ అంటే ఊపిరితిత్తిలో కనిపించే చిన్న గుండ్రని మచ్చ. ఆ రాత్రి తల్లిదండ్రులకు కంటి మీద కునుకు ఉండదు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇలా బయటపడే చిన్న నాడ్యూళ్లలో ఎక్కువ భాగం పాత ఇన్ఫెక్షన్ మానగా మిగిలిన మచ్చలో, ఊపిరితిత్తి లోపల ఉండే చిన్న లింఫు గ్రంథులో అయి ఉంటాయి. ఊపిరితిత్తిలోనే పుట్టే క్యాన్సర్ పిల్లల్లో చాలా అరుదు. అయినా రిపోర్టును బీరువాలో పడేసి మరచిపోకూడదు. భయంతో వారానికొక స్కాన్ సెంటరుకు తిరగనూ కూడదు.

1. రిపోర్టుతో పాటు బొమ్మలను కూడా తీసుకోండి

స్కాన్ సెంటరువారు ఇచ్చే ఫిల్ముతో సరిపెట్టుకోకుండా మొత్తం బొమ్మలున్న సీడీని అడిగి తీసుకోవాలి. నాడ్యూల్ పరిమాణం, సంఖ్య, ఎక్కడ ఉంది, గట్టిగా ఉందా, లోపల నీరు గాని గాలి గాని ఉందా, సున్నం పేరుకుందా అన్న వివరాలు రిపోర్టులో లేకపోతే రేడియాలజిస్టును రాసి ఇవ్వమని కోరవచ్చు. 30 మిల్లీమీటర్ల లోపు గుండ్రని మచ్చనే నాడ్యూల్ అంటారు. అంతకు మించితే పరీక్షల దారి వేరుగా ఉంటుంది. ఇంట్లో పాత ఛాతీ ఎక్స్‌రేలు, స్కాన్లు ఉంటే తప్పక వెతికి తీయండి. అదే మచ్చ రెండేళ్ల కిందటి బొమ్మలోనూ అదే పరిమాణంలో ఉందని తేలితే చాలా పరీక్షలు తప్పిపోతాయి. అవసరమైతే తిరుపతిలోనో చెన్నైలోనో ఉన్న పిల్లల రేడియాలజీ నిపుణులకు ముందు సీడీని చూపించవచ్చు. బిడ్డను వెంటనే అంతదూరం తిప్పనక్కర లేదు.

2. బిడ్డ ఆరోగ్య చరిత్రను కాగితం మీద రాయండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. 4 మిల్లీమీటర్ల మచ్చ ఏమిటో స్కాన్ ఒక్కటే చెప్పలేదు. ఆ మచ్చ ఎలాంటి బిడ్డలో ఉందన్న దాన్ని బట్టే దాని అర్థం మారుతుంది. గతంలో మూత్రపిండం, ఎముక, కాలేయం వంటి చోట్ల క్యాన్సర్‌కు చికిత్స జరిగిందా? రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు లేదా చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నారా? కుటుంబంలో ఎవరికైనా చిన్నతనంలోనే ఊపిరితిత్తి నీటితిత్తులో కణితులో వచ్చాయా? రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం, బరువు తగ్గడం, దగ్గులో రక్తం, ఆయాసం, ఎముకల నొప్పి ఉన్నాయా? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికైనా అవునన్న జవాబు వస్తే వేచి చూసే పద్ధతి వర్తించదు. పిల్లల వైద్యుణ్ణి వెంటనే కలవాలి. గతంలో క్యాన్సర్ వచ్చిన బిడ్డ అయితే, చికిత్స చేసిన క్యాన్సర్ వైద్యులకే ముందు తెలియజేయాలి.

3. మన ప్రాంతపు కారణాలను విడిగా అడగండి

మొదటిది క్షయ. గత రెండేళ్లలో ఇంట్లో గాని, రోజూ బిడ్డను ఎత్తుకునే పొరుగువారిలో గాని ఎవరికైనా టీబీ వచ్చిందేమో గుర్తు చేసుకోవాలి. చిన్న పిల్లలు కఫాన్ని ఉమ్మలేక మింగేస్తారు కనుక, పొట్టలోని ద్రవాన్ని తీసి పరీక్షించే పద్ధతి ఉంది. ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఈ పరీక్షలూ మందులూ ఉచితం. జబ్బు లేదని తేలినా, టీబీ రోగితో కలిసి ఉంటున్న బిడ్డకు నివారణ మందు అవసరమా అని అడగాలి. స్కాన్‌లో మచ్చ ఉందన్న ఒక్క కారణంతో ఆరు నెలల మందులు మొదలుపెడదామంటే, ముందు సూక్ష్మజీవి కోసం పరీక్ష జరిగిందా అని వినయంగా ప్రశ్నించడం తల్లిదండ్రుల హక్కు.

రెండవది హైడాటిడ్ తిత్తి, అంటే కుక్కల పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు వల్ల ఏర్పడే నీటితిత్తి. నెల్లూరు జాతి గొర్రెలకు పేరుపడిన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో, ముఖ్యంగా ఉదయగిరి, కనిగిరి వైపు మేకలూ గొర్రెలూ పెంచే ఇళ్లలో, ఈ మాట వైద్యునికి తప్పక చెప్పాలి. కోసిన గొర్రె కాలేయమూ ఊపిరితిత్తులూ పచ్చిగా తిన్న కుక్క మలం ద్వారా ఈ పురుగు గుడ్లు పిల్లల నోటికి చేరతాయి. మచ్చ లోపల నీరు ఉన్నట్లు రిపోర్టులో ఉంటే, హైడాటిడ్ కాదని తేలేదాకా సూది గుచ్చనివ్వకూడదు. తిత్తి పగిలితే తీవ్రమైన అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది. కాలేయంలోనూ తిత్తులున్నాయేమో పొట్ట అల్ట్రాసౌండ్‌తో తెలుస్తుంది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు దగ్గు, జ్వరం ఉన్న సమయంలో గుండ్రంగా కనిపించే నిమోనియా కూడా నాడ్యూల్‌లాగే ఉంటుంది. చికిత్స తరువాత, కొన్ని వారాలకు తీసే ఎక్స్‌రేలో అది మాయమవుతుంది.

4. పెద్దల పట్టికను పిల్లలకు వర్తింపజేయనివ్వకండి

"ఆరు నెలలకు మళ్లీ సీటీ" అన్న సలహా తరచుగా ఫ్లైష్నర్ సొసైటీ అనే ఛాతీ రేడియాలజీ నిపుణుల సంస్థ 2017లో ఇచ్చిన సూచనల నుంచి వస్తుంది. ఆ సూచనలు 35 ఏళ్లు, ఆ పైబడినవారి కోసమే తయారయ్యాయి. పిల్లల విషయంలో మళ్లీ స్కాన్ కావాలా, కావాలంటే ఎప్పుడు అన్నది బిడ్డ చరిత్రను చూసి వైద్యుడే నిర్ణయించాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో ఒకే ఒక చిన్న మచ్చకు మళ్లీ స్కానే అక్కర లేకపోవచ్చు.

5. మళ్లీ స్కాన్ తీయాల్సి వస్తే

పిల్లల శరీరం రేడియేషన్ ప్రభావానికి పెద్దలకంటే ఎక్కువగా లోనవుతుంది. కాబట్టి బిడ్డ బరువుకు తగిన తక్కువ మోతాదు స్కాన్ చేస్తారా అని సెంటరులో ముందే కనుక్కోవాలి. నాడ్యూల్ పెరిగిందా లేదా అని మాత్రమే చూడాలంటే సాధారణంగా రంగు మందు ఇంజెక్షన్ అవసరం ఉండదు. పొట్ట స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగుభాగం మాత్రమే పడుతుంది కనుక, మిగతా భాగం చూడాలా అని కూడా అడగండి. పాత సీడీని వెంట తీసుకెళ్లి, రెంటినీ పోల్చి రాయమని చెప్పాలి.

6. తదుపరి తేదీని రాయించుకోండి

తదుపరి పరీక్ష ఏమిటి, ఏ నెలలో, ఏ లక్షణం కనబడితే అంతకుముందే రావాలి అన్న మూడు విషయాలను వైద్యుని చేత చీటీపై రాయించుకుని సీడీతో కలిపి భద్రపరచండి. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) లేదా ఆపరేషన్ దాకా వస్తే, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను డబ్బు కట్టకముందే అడగండి.