కత్తెర తేదీ
(రెడీమేడ్ కుట్టు యూనిట్ సొంతంగా నేర్చుకుందాం: 4వ పాఠం)

ముందు పోయిన పాఠం ఇంటిపని సంగతి చూద్దాం. రోజుకు ఎన్ని చొక్కాలు వస్తాయన్నది ప్రశ్న. పది మిషన్లు, మనిషికి రోజుకు 480 నిమిషాలు, హాఫ్ చేతుల చొక్కాకి 18 నిమిషాలు, లైను సామర్థ్యం (ఉన్న నిమిషాల్లో నిజంగా కుట్టుగా మారేది) నూటికి 45. మొత్తం 4,800 నిమిషాల్లో 45 శాతం అంటే 2,160. దాన్ని 18తో భాగిస్తే రోజుకు 120 చొక్కాలు. 266 అని వచ్చినవాళ్లు సామర్థ్యం సంగతి మర్చిపోయారు. బెజవాడ ఎండలో మధ్యాహ్నం రెండింటికి ఒకసారి షెడ్డులోకి వెళ్లి నిలబడండి, 266 ఎందుకు రావో తెలుస్తుంది.

ఆ 120 అంకెతో ఇవాళ పని ఉంది. కానీ ఇవాళ మిషన్ల జోలికి వెళ్లం. బట్ట మీద కత్తెర పడకముందు పోయే రోజుల్ని పట్టుకోవడం నేర్చుకుందాం.

నా మొదటి ఏడాది ముచ్చట ఒకటి చెప్పి మొదలుపెడతాను. ఆటోనగర్‌లో అద్దె షెడ్డు, పది మంది టైలర్లు, ఒక స్కూలు చొక్కాల ఆర్డరు. మే నెల రెండో వారం. తానులు వచ్చి గోడవారగా పేర్చి ఉన్నాయి. దారం ఉంది, బొత్తాలున్నాయి, మనుషులున్నారు. జేబు మీద కుట్టాల్సిన స్కూలు బొమ్మకి మాత్రం "సరే" అన్న మాట రాలేదు. ఆరు రోజులు అందరికీ కూర్చోబెట్టి కూలి ఇచ్చాను. తర్వాత రాత్రుళ్లు ఓవర్‌టైము పెట్టి కుట్టించాను, ఆ కూలి వేరే. జూన్‌లో లెక్క చూస్తే ఆర్డరులో మిగలాల్సింది ఆ రెంటికే సరిపోయింది. అప్పట్లో నేను తిట్టింది టైలర్లని, "మీ చేతులు కదలట్లేదురా" అని. వాళ్ల తప్పు రవ్వంత కూడా లేదు.

ఎక్స్‌పోర్టు ఫ్యాక్టరీల్లో ఇలా కాకుండా ఉండటానికి టైమ్ అండ్ యాక్షన్ క్యాలెండర్ అని ఒకటి పెట్టుకుంటారు, ఏ పని ఏ తేదీకి అయిపోవాలో రాసుకునే పట్టిక అది. ఆర్డరు ఇచ్చినవాళ్లకీ ఫ్యాక్టరీకీ మధ్య ఉండి పని నడిపించే మర్చండైజర్ ఉద్యోగమంటే సగం దాన్ని కాపలా కాయడమే. దాని వెనకున్న క్రిటికల్ పాత్ లెక్క (ఏ పనులు ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో చూసే లెక్క) బట్టలవాళ్లది కాదు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ రసాయనాల కంపెనీ కోసం తయారైంది. మన పది మిషన్ల షెడ్డుకి అంత సరంజామా అక్కర్లేదు. గోడకి ఒక క్యాలెండరు, చేతిలో ఒక నోటుబుక్కు చాలు.

చివరి తేదీ నుంచి వెనక్కి

1,800 చొక్కాలు, గళ్ల బట్ట, ఆరు సైజులు, జేబు మీద బొమ్మ అనుకుందాం. మన రాష్ట్రంలో బళ్లు మామూలుగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. అందుకని సరుకు జూన్ 5న, అది శుక్రవారం అనుకోండి, స్కూలుకి చేరాలి. చాలామంది ఆర్డరు వచ్చిన రోజు నుంచి ముందుకి లెక్కేస్తారు. మనం జూన్ 5 నుంచి వెనక్కి నడుద్దాం.

చివరి విడత ఇస్త్రీ, చెకింగు, ప్యాకింగుకి మూడు రోజులు. అంటే జూన్ 2కి కుట్టు అయిపోవాలి. 1,800ని 120తో భాగిస్తే 15 పని రోజులు. ఆదివారాలు తీసేసి వెనక్కి లెక్కపెట్టండి: జూన్ 2, 1 రెండు. ముందు వారంలో ఆరు, దాని ముందు వారంలో ఆరు, అప్పటికి పద్నాలుగు. పదిహేనోది మే 16 శనివారం. కటింగు, బండిల్ కట్టడం రెండు రోజులు, అంటే మే 14. ఇక్కడితో ఆగకండి. మే అంటే పెళ్లిళ్ల నెల, సగం మంది టైలర్లు ఏదో ఒక ముహూర్తానికి ఊరెళతారు. నెలాఖరుకి రోళ్లు పగిలే రోహిణి కార్తె వస్తుంది, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. నాలుగు పని రోజులు చేతిలో ఉంచుకుంటే మే 9.

ఆ మే 9 మన కత్తెర తేదీ, అంటే కోత మొదలవ్వాల్సిన రోజు. క్యాలెండరు మీద ఎర్ర ఇంకుతో చుట్టండి. జూన్ 5 స్కూలు వాళ్ల తేదీ. మీరు కాపాడుకోవాల్సింది మే 9ని.

ఇంకా వెనక్కి పోదాం. బట్ట విప్పి చూడటానికి, ఉతికి చూడటానికి, కొలతలు సరిచేయడానికి ఐదు రోజులు: మే 4కి తానులు షెడ్డులో ఉండాలి. యూనిఫారం బట్టలో పెద్ద భాగం రాజస్థాన్‌లోని భీల్వాడా నుంచి వస్తుంది. లారీ పార్శిలుకి పది రోజులు పెట్టుకోండి: ఏప్రిల్ 24. ఆ గళ్లు బెజవాడ హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలతలో స్టాకు ఉంటే సరే, లారీ మెట్టు, మిల్లు మెట్టు రెండూ దాటిపోయినట్టే. మిల్లులో ప్రత్యేకంగా నేయించాలంటే ఇంకో నెల: మార్చి 25. గళ్లు ఏవి, రంగు ఏది అని స్కూలు వాళ్లు తేల్చడానికి పది రోజులు: మార్చి 15, అది ఆదివారం కాబట్టి మార్చి 14.

ఇప్పుడు ఆలోచించండి. మార్చి మధ్యలో స్కూలు కరస్పాండెంట్ గారి బుర్రలో ఏముంటుంది? పదో తరగతి పరీక్షలు. ఆ రోజుల్లో మీరు బట్ట ముక్క పట్టుకెళితే "తర్వాత రండి" అనడం తప్ప ఆయన చేసేదేముంది? అందుకే సంక్రాంతి సెలవులై బడి తెరిచిన వారంలో వెళ్లాలి. ఈ లెక్క వేయకముందు నేను ఏటా మార్చి నెలాఖరులో వెళ్లేవాణ్ణి, ఏటా మే నెలలో ఏడ్చేవాణ్ణి.

చేతి పని, ఎదురుచూపు

ఇక నోటుబుక్కు. పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు "చేతి పని", కుడివైపు "ఎదురుచూపు". శాంపిల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి అది "సరే" అయ్యేదాకా ప్రతి గంటా, ప్రతి రోజూ ఏదో ఒక వైపు పడాలి.

నా పాత బుక్కులో ఒక శాంపిల్ ఇలా ఉంది. చేతి పని: కోయడం, కుట్టడం, ఒకసారి కాలర్ మార్చి మళ్లీ కుట్టడం, అన్నీ కలిపి ఆరు గంటలు. ఎదురుచూపు: సరిపోయే దారం షేడు దొరక్క 2 రోజులు. మాస్టర్ వేరే లైనులో ఉన్నందుకు 3. ఎంబ్రాయిడరీ వాళ్లు బొమ్మ పంచింగు చేసి (అంటే బొమ్మని మిషన్ కుట్టగలిగే ఫైలుగా మార్చి) ఇవ్వడానికి 4. స్కూలు వాళ్ల బల్ల మీద 7. "కాలర్ కొంచెం చూడండి" అన్నదానికి అర్థం తెలుసుకుని, మార్చి, మళ్లీ చూపించేసరికి 3. మొత్తం 19 రోజులు.

ఆరు గంటల్ని ఐదు చేద్దామని మంచి టైలర్‌ని వెతుక్కుంటాం. 19 రోజుల జోలికి మాత్రం పోం. అది ఎవరి పనీ కాదు గనక.

కుడివైపు అంకెల్లో పెద్దదాని దగ్గర మొదలుపెట్టాలి. నా బుక్కులో అది ఏడు. నేను ఐదో రోజు ఫోను చేశాను.

"సార్, శాంపిల్ చూశారాండీ?"

"ఏ శాంపిల్ బాబూ?"

అది ప్రోగ్రెస్ కార్డుల కట్ట కింద ఉంది. ఆయన తప్పని నేను అనను. నేను చొక్కాని కవర్లో పెట్టి అటెండరుకిచ్చి "చూసి చెప్పమనండి" అని వచ్చేశాను. ఏం చూడాలి? ఏం చెప్పాలి? ఎప్పటిలోగా? ఏదీ చెప్పలేదు.

ఇప్పుడు శాంపిల్‌తోపాటు ఒక కాయితం పిన్ను చేసి పంపుతాను. దాని మీద నాలుగే నాలుగు ప్రశ్నలు, పక్కన టిక్కు పెట్టే గళ్లు. గళ్ల బట్ట: ఒకటో ముక్కా, రెండో ముక్కా? కాలర్: మామూలుదా, బటన్ డౌనా (కొసలకి బొత్తాలుండేదా)? బొమ్మ సైజు: రెండు అంగుళాలా, రెండున్నరా? జేబు: ఉంచాలా, తీసేయాలా? కింద సంతకానికి చోటు, తేదీ. "ఈ కాయితం ఫలానా గురువారానికి అందితేనే మిల్లుకి ఆర్డరు వెళుతుంది, ఆలస్యమైతే సరుకు అన్ని రోజులు వెనక్కి జరుగుతుంది" అని మర్యాదగా ఒక వాక్యం. ఆ గురువారం సాయంత్రం నేనే వెళ్లి ఎదురుగా కూర్చుంటాను. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వచ్చిన "ఓకే"ని నమ్ముకుని తానులు కోయకండి. రేపు గొడవ వస్తే అది ఏ రంగుకి చెప్పిన ఓకేనో ఇద్దరికీ గుర్తుండదు. సంతకం పెట్టిన శాంపిల్ ఒకటి వాళ్ల దగ్గర, అదే గుడ్డతో కుట్టిన జత ఇంకోటి మన దగ్గర ఉండాలి.

రంగు సంగతి విడిగా చెప్పాలి. కొలతలకి ఫోటో పనికొస్తుంది. రంగుకి పనికిరాదు. ఒక్కో ఫోను ఒక్కో నీలం చూపిస్తుంది. ట్యూబులైటు కింద కలిసిన రెండు ముక్కలు ఎండలో విడిపోవడం కూడా ఉంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇందుకే రకరకాల వెలుతురు వేసి రంగు చూసే లైట్ బాక్సు పెట్టి చూస్తారు. మనకి బాక్సు లేకపోయినా గుమ్మం బయట పగటి వెలుతురు ఉంది. అక్కడ నిలబడి చూసి సంతకం పెట్టమనండి.

ఏది ఆగాలి, ఏది ఆగనక్కర్లేదు

శాంపిల్ బయటికెళ్లిందని షెడ్డులో మిగతా పనులన్నీ ఆపేయడం మనకో అలవాటు. బొమ్మ పంచింగుకి కాలర్ సంగతి తేలాల్సిన పనేముంది? లోగో చేతికందిన రోజే ఇచ్చేయొచ్చు. లేబుళ్లూ కవర్లూ అంతే. గళ్లు ఖాయమైన గంటలో దారం షేడు కార్డు పక్కన పెట్టి చూసుకోవచ్చు, సైజులు తేలేదాకా అక్కర్లేదు. నా 19 రోజుల్లో దారం 2, పంచింగు 4 ఆ ఏడు రోజుల కిందే సర్దుకునేవి. అంటే 13కి దిగేది, ఎవరినీ ఒక్క మాట అడగకుండా.

కానీ ఒక్కటి. సంతకమైన శాంపిల్, సైజుల సెట్టు (ఒక్కో సైజుకి ఒక్కో శాంపిల్) చేతిలో లేకుండా తానులు మాత్రం కోయకండి. ఆలస్యమైందన్న కంగారులో "ఏముందిలే, కోసేద్దాం" అనిపిస్తుంది. పోయిన రోజుల్ని ఓవర్‌టైముతో కొంతైనా తెచ్చుకోవచ్చు. కోసిన బట్టని ఎవరూ అతికించలేరు.

ఉతికి చూసే లెక్క

బట్ట రాగానే మొదటి పని ఇది. తాను చివర నుంచి కాకుండా రెండు మూడు మీటర్లు లోపలికి వెళ్లి ముక్క కోయండి. దాని మీద 50 సెంటీమీటర్ల చదరం గీయండి, నిలువు ఏదో అడ్డం ఏదో బాణం గుర్తు పెట్టండి. మూడుసార్లు ఉతికి, ఆరేసి, కొలవండి. నిలువు 48.5 అయిందంటే బట్ట 3 శాతం కుంచించుకుపోతోంది.

ఇప్పుడు చొక్కా పొడవు ఉతికాక 70 సెంటీమీటర్లు ఉండాలి. ప్యాట్రన్ ఎంత గీయాలి? 70ని 0.97తో భాగించాలి: 72.2. "70కి 3 శాతం కలిపితే 72.1, దాదాపు అంతే కదండీ" అంటారు మాస్టర్లు. ఇక్కడ అంతే. నూలు టీషర్టు బట్ట 8 శాతం పోయిందనుకోండి: భాగిస్తే 76.1, కలిపితే 75.6. అర సెంటీమీటరు తేడా. అందుకని ఎప్పుడూ భాగించడమే అలవాటు చేసుకోండి. టీషర్టు బట్ట అయితే రోలు విప్పి పరిచి ఒక రోజు వదిలేయాలి కూడా. రోలు చుట్టినప్పుడు సాగింది వెనక్కి తగ్గాకే కోయాలి. ఆ రోజుని కూడా కత్తెర తేదీ లెక్కలో రాసుకోండి, చాలామంది మర్చిపోయేది దీన్నే.

బల్ల చుట్టూ ఇరవై నిమిషాలు

కత్తెర తేదీకి ఒక రోజు ముందు, సంతకం చేసిన చొక్కాని బల్ల మీద పెట్టి అందర్నీ పిలవండి. కటింగ్ మాస్టర్, లైను చూసే మనిషి, కాజాలు వేసే అతను, చెకింగు చేసేవాళ్లు, ఇస్త్రీ చేసే ఆవిడ కూడా. ఇస్త్రీ ఆవిడ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. ఒక ఏడాది అలా కూర్చున్నప్పుడు ఆవిడ కాలర్ పట్టుకుని నలిపి చూసి, "ఈ కాన్వాసు నీళ్లు తగిల్తే బుడగలు తేలుద్ది బాబూ, పోయినసారి తెచ్చింది ఇదే" అంది. కాలర్ లోపలి కాన్వాసుని వేడితో బట్టకి అంటించే ఫ్యూజింగ్‌లో వేడి, నొక్కుడు, సమయం మూడూ కుదరకపోతే అలా అవుతుంది. ఒక కాలర్ ఉతికి చూస్తే నిజంగానే తేలింది. ఆ పూటే వన్‌టౌన్ వెళ్లి వేరే కాన్వాసు తెచ్చాం. అప్పటికి ఒక్క చొక్కాకి కూడా బట్ట కోయలేదు.

అది అయ్యాక మర్నాడు ముందు ముప్పై చొక్కాలకి మాత్రమే కోయండి, ఒక్కో సైజుకి ఐదేసి. అవి లైను చివరికి వచ్చాక మిగతాది పరవండి. దీనికి ఒక రోజు పోతుంది. పోనివ్వండి, చేతిలో ఉంచుకున్న నాలుగు రోజులు ఇలాంటివాటికే.

ఇంటిపని

1,200 గౌనులు, రోజుకు 80 కుట్టగలరు. సరుకు జూన్ 8 సోమవారం గుంటూరు బ్రాడీపేటలోని ఒక స్కూలుకి చేరాలి. బట్ట వస్త్రలతలో స్టాకు ఉంది. ఇస్త్రీ, ప్యాకింగుకి మూడు పని రోజులు, కటింగుకి రెండు, చేతిలో నాలుగు. కత్తెర తేదీ ఎంత? ఆదివారాలు తీసేయండి. దాంతోపాటు మీ యూనిట్‌లో ఇప్పుడు నడుస్తున్న ఏదో ఒక శాంపిల్‌కి నిలువు గీత పేజీ మొదలుపెట్టి, కుడివైపు పెద్ద అంకె ఎవరి బల్ల మీద పడిందో రాసుకోండి. వచ్చే పాఠంలో తాను విప్పి, నాలుగు పాయింట్ల పద్ధతిలో లోపాలు లెక్కపెడదాం. ఒక అంగుళాల టేపు, రంగు స్టిక్కర్లు దగ్గర పెట్టుకోండి.