కౌజు పిట్టల సంరక్షణ, విస్తరణ విద్యలో ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి?

అమెరికా గడ్డిభూముల్లో ఉండే బాబ్‌వైట్ కౌజు పిట్ట అరచేతిలో ఇమిడేంత పక్షి. దీన్ని కాపాడే ఉద్యోగంలో, దీని గురించి యూనివర్సిటీ జ్ఞానాన్ని పల్లెలకు చేర్చే విస్తరణ ఉద్యోగంలో పిట్టను పట్టుకునే రోజులు కొన్నే. గడ్డి చూసే రోజులు, భూమి ఉన్నవాళ్లతో మాట్లాడే రోజులే ఎక్కువ. టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. అంటే పిట్ట బతికేదీ లేనిదీ ప్రధానంగా భూయజమాని నిర్ణయాల మీదే ఆధారపడుతుంది. మీ తయారీ కూడా ఆ లెక్కనే సాగాలి.

1. డిగ్రీలో వృక్షశాస్త్రాన్ని వదలకండి

వన్యప్రాణి నిర్వహణ, రేంజ్ సైన్స్ (పచ్చిక భూముల శాస్త్రం), జీవశాస్త్రం, వీటిలో ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. అయితే ఫెడరల్ ప్రభుత్వంలో వన్యప్రాణి జీవశాస్త్రవేత్త ఉద్యోగాలకు చదువు ద్వారా అర్హత పొందాలంటే వన్యప్రాణి సబ్జెక్టుల్లో 9, జంతుశాస్త్రంలో 12, వృక్షశాస్త్రంలో 9 సెమిస్టర్ గంటలు ఉండాలి. చాలామంది విద్యార్థులు ఆ చివరి తొమ్మిది గంటల దగ్గరే ఆగిపోతారు. జంతువుల మీద ప్రేమతో కోర్సులన్నీ అటే తీసుకుని, డిగ్రీ చేతికొచ్చాక అర్హత లేదని తెలుసుకుంటారు. రెండో ఏడాదిలోనే లెక్క సరిచూసుకోండి. గణాంకశాస్త్రం, ఉపన్యాస కళ ఒక్కో కోర్సైనా చేయండి. విస్తరణ స్పెషలిస్టు పోస్టుకు సాధారణంగా ఎం.ఎస్. లేదా పీహెచ్‌డీ అడుగుతారు.

2. కనీసం రెండు సీజన్లు టెక్నీషియన్‌గా పనిచేయండి

ఫ్లోరిడాలోని టాల్ టింబర్స్, టెక్సాస్‌లోని రోలింగ్ ప్లెయిన్స్ క్వెయిల్ రీసెర్చ్ రాంచ్, కింగ్స్‌విల్‌లోని సీజర్ క్లీబర్గ్ సంస్థ ఈ పిట్ట మీద పరిశోధన చేసే చోట్లు. ఉచ్చులో జొన్నలు వేసి పిట్టను పట్టడం, కాలికి రింగు తొడగడం, సుమారు 6 గ్రాముల రేడియో కాలర్ వేయడం, యాంటెన్నాతో వెతకడం అక్కడ చేతికి అలవాటవుతాయి. ఉచ్చు పైన కొమ్మలు కప్పకపోతే పిట్ట బెదిరి ఎగిరి, తలను తీగకు కొట్టుకుని చర్మం ఊడగొట్టుకుంటుంది.

మగదాని గొంతు, కనుబొమ గీత తెలుపు. ఆడదానివి లేత గోధుమ రంగు. రెక్క మీది ప్రైమరీ కవర్ట్ ఈకల (పెద్ద ఈకల మొదళ్లను కప్పే చిన్న ఈకల) చివర లేత మచ్చ ఉంటే ఆ ఏడాది పిల్ల, అంతా ఒకే బూడిద రంగైతే పెద్ద పిట్ట. ఈ రెండూ తడబడకుండా చెప్పగలగాలి.

3. నేలను చదవడం నేర్చుకోండి

అసలు నైపుణ్యం ఇదే, దీనికే ఎక్కువ సమయం పెట్టండి. బాబ్‌వైట్ నిరుటి ఎండుగడ్డి మిగిలిన దుబ్బుల మొదట్లో గూడు కడుతుంది. దుబ్బు బాస్కెట్‌బాల్ అంత ఉండాలి, ఎకరాకు కనీసం 250 ఉండాలి. లెక్కపెట్టడానికి 6 అడుగుల కర్ర పట్టుకుని 73 అడుగులు తిన్నగా నడవండి. కర్ర వెడల్పులో పడిన దుబ్బులన్నీ లెక్కించి 100తో గుణించండి, ఎందుకంటే ఆ పట్టీ ఎకరంలో నూరో వంతు. ఇలా పది చోట్ల చేసి సగటు తీయండి. బాగున్న చోటే నడవాలన్న కోరిక అందరికీ పుడుతుంది. అందుకే మొదలుపెట్టే బిందువులను ఇంటి దగ్గరే మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి.

దుబ్బుల మధ్య ఖాళీ నేల ఉందా అనేది తర్వాతి ప్రశ్న. అప్పుడే పుట్టిన పిల్ల బొటనవేలంత ఉంటుంది. చాపలా అల్లుకున్న బెర్ముడా గడ్డిలో అది కదలలేదు, పురుగు దొరకదు. గడ్డి ఎంత పచ్చగా ఉన్నా అది పిట్టకు ఎడారే. దగ్గర్లో రాగ్‌వీడ్, క్రోటన్, పొద్దుతిరుగుడు జాతి మొక్కలున్నాయో లేదో చూడండి. వేసవిలో వాటి మీది పురుగులు, చలికాలంలో వాటి గింజలు పిట్టకు తిండి. అవి లేకపోతే చలికాలంలో డిస్క్ నాగలితో పట్టీలుగా నేల కదిలిస్తే వసంతంలో మొలుస్తాయి.

ఇక పొదలు. ఒక పొద దగ్గర నిలబడి సాఫ్ట్‌బాల్ విసిరితే అది తర్వాతి పొదను చేరాలి. చేరకపోతే డేగ వచ్చినప్పుడు పిట్టకు దాక్కునే చోటు అందదు.

గుడ్లు తినే జంతువుల బెడద ఎంతో తెలియాలంటే ఉత్తుత్తి గూళ్లు పెట్టండి. ఒక్కో దుబ్బులో 3 కోడిగుడ్లు ఉంచి, 14వ రోజు, 28వ రోజు చూడండి. బాబ్‌వైట్ పొదిగే కాలం 23 రోజులు కాబట్టి 28 రోజుల గడువు సరిపోతుంది. సగానికి పైగా గూళ్లు మిగిలితే ఆ గడ్డి దాచిపెట్టగలుగుతోందని అర్థం. గుర్తుకు కట్టే రిబ్బన్ గూటి మీదే కట్టకండి, కొన్ని అడుగులు దూరంగా ఎప్పుడూ ఒకే దిక్కున కట్టండి. లేకపోతే గుడ్లు తినే రాకూన్ లాంటి జంతువుకు మీరే దారి చూపినట్టవుతుంది.

4. చెవితో లెక్కించండి

వసంతంలో సూర్యోదయంతో మొదలుపెట్టి, మైలుకొకచోట ఆగి, 5 నిమిషాలు విని, ఎన్ని మగపిట్టలు కూస్తున్నాయో రాయండి. కూతల సంఖ్య కాదు, పిట్టల సంఖ్య. గాలి ఎక్కువైతే ఆ రోజు మానేయండి. శరదృతువులో గుంపులు తెల్లవారకముందే కూస్తాయి, ఆ కూత వేరు. సూర్యోదయానికి ముప్పావు గంట ముందే అక్కడ నిలబడి ఉండాలి.

5. భూయజమానితో పని చేయడం

1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో యూనివర్సిటీల జ్ఞానాన్ని పల్లెలకు చేర్చే విస్తరణ సేవ దేశమంతటా స్థిరపడింది. మీరు చేరేది ఆ వ్యవస్థలోనే. మొదటిసారి భూయజమాని దగ్గరికి వెళ్లినప్పుడు ఉపన్యాసం పెట్టుకోకండి. ఆయనకు ఈ భూమి నుంచి ఏం కావాలో అడిగి, ఆయనతోనే నడవండి. సాఫ్ట్‌బాల్ ఆయన చేతికే ఇచ్చి విసరమనండి, దుబ్బులు ఆయనతోనే లెక్కపెట్టించండి. తన చేత్తో లెక్కించిన అంకెను ఎవరూ కొట్టిపారేయరు.

రెండు ప్రశ్నలు ప్రతి చోటా వస్తాయి. "ఫారంలో పెంచిన పిట్టల్ని వదిలితే సరిపోదా?" సరిపోదు. తిండి వెతకడం, డేగ నుంచి తప్పించుకోవడం వాటికి రాదు, చాలావరకు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. "నక్కల్ని తుపాకీతో కాల్చేస్తే?" దుబ్బులు లేనిచోట ఎన్ని నక్కల్ని చంపినా గూడు దాగదు. రెండు జవాబులూ మర్యాదగా, నేలను చూపిస్తూ చెప్పండి.

డబ్బు సంగతీ తెలిసి ఉండాలి. టెక్సాస్‌లో 1995 నుంచి వ్యవసాయ పన్ను విలువ (తక్కువ పన్ను పడేలా కట్టే విలువ) ఉన్న భూమి వన్యప్రాణి నిర్వహణకు మారినా ఆ రాయితీ పోదు. చట్టం చెప్పిన 7 పనుల్లో ఏటా కనీసం 3 చేస్తే చాలు, పక్షుల లెక్కింపు అందులో ఒకటి. ఆవాసం ఊసెత్తితే ఆసక్తి చూపని యజమాని కూడా ఈ మాటకు కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

తిరిగొచ్చాక వారం లోపే ఒక పేజీ నివేదిక పంపండి. అందులో మూడు పనులు మాత్రమే, ఏ నెలలో ఏది చేయాలో రాసి ఉండాలి. పదిహేను సలహాలు రాస్తే ఒక్కటీ జరగదు. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి ఎన్ని ఎకరాల్లో ఏం మారిందో అడిగి రాసుకోండి. విస్తరణ ఉద్యోగంలో మీ పనికి కొలత అదే, సభకు ఎంతమంది వచ్చారన్నది కాదు.

బడి పిల్లలతో పని చేయాలనుంటే 1993లో టెక్సాస్‌లో మొదలైన బాబ్‌వైట్ బ్రిగేడ్ తరహా శిబిరాల్లో స్వచ్ఛందంగా చేరండి. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకు ఈకలు, మొక్కలు నేర్పి తిరిగి వాళ్ల చేతే చెప్పించే పద్ధతి అక్కడ కళ్లారా చూడొచ్చు.

6. కరువు ఏడాదికి సిద్ధంగా ఉండండి

వర్షం లేని ఏడాది మీరు చెప్పినవన్నీ చేసినా పిట్టల సంఖ్య పడిపోతుంది. ఏటా పదింట ఏడెనిమిది పిట్టలు ఎలాగూ చనిపోతాయి, పిల్లలు రాకపోతే లోటు పూడదు. యజమాని నిరాశపడి పశువుల్ని మరిన్ని తోలేది అప్పుడే. పిట్టల లెక్కతో పాటు నిరుటి దుబ్బుల లెక్కా పక్కన పెట్టి చూపించండి. దుబ్బులు ఎకరాకు 250 కిందికి దిగకముందే ఎన్ని పశువుల్ని తగ్గించాలో అక్కడే కూర్చుని మాట్లాడుకోండి.