పాత ఆవిరి ఇంజను బాగుచేయాలంటే రంగు డబ్బా ఆఖరున తెరవాలి

రైల్వే మ్యూజియంలో ఆవిరి ఇంజను మీద పనిచేయడానికి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "రంగు ఎప్పుడు వేస్తాం?" అని. ఏడేళ్ల కిందట నేనూ అదే అడిగాను. నాది ఆఫీసులో లెక్కలు చూసుకునే ఉద్యోగం. ఆదివారాలు మాత్రం షెడ్డులో గడుపుతాను, జీతం ఏమీ ఉండదు. ఇన్నాళ్లలో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నదంతా ఒక వరసలో చెబుతాను. మొదటి పని బాయిలర్, ఆఖరి పని రంగు. ఆ రెండింటికీ మధ్య కొన్నేళ్లు పడుతుంది.

స్పానర్ పట్టుకునే ముందే తేల్చుకోవాల్సింది ఆస్‌బెస్టాస్ సంగతి. బాయిలర్ మీద కనిపించే నున్నటి రేకు కింద, వేడి బయటికి పోకుండా చుట్టిన పొర ఒకటి ఉంటుంది. పాత ఇంజన్లలో చాలావరకు అది ఆస్‌బెస్టాసే. తలుపుల అంచున ఉండే తాడులోనూ, గాస్కెట్లలోనూ ఉండొచ్చు. దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. అందుకే శాంపిల్ పరీక్ష చేయించి, ఆ పనికి లైసెన్సు ఉన్నవాళ్ల చేతే తీయించాలి. "మాస్కు పెట్టుకుని మనమే లాగేద్దాం" అని ఎవరన్నా సరే, ఒప్పుకోకండి.

ఇక విప్పడం. విప్పే ప్రతి భాగానికీ ముందు ఫోటో తీయాలి, తర్వాత నంబరు కొట్టిన రేకు బిళ్లను తీగతో కట్టాలి, ఆ నంబరు రిజిస్టర్‌లో ఎక్కించాలి. కాగితం చీటీలు పనికిరావు, నూనె తగిలితే సిరా పోతుంది. కుడి, ఎడమ అన్నది క్యాబ్‌లో, అంటే డ్రైవరు ఉండే గదిలో నిలబడి ముందుకు చూస్తున్నట్టుగా రాసుకోండి. నా మొదటి ఏడాదిలో రెండు వైపుల సిలిండర్ కవర్ల నట్లూ ఒకే బకెట్‌లో వేశాను. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ ఇన్నేళ్లుగా ఏ నట్టు ఏ స్టడ్డు (తల లేని బోల్టు) మీద అరిగిందో దాని మీదే సరిగ్గా కూర్చుంటుంది. వాటిని జత కలపడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. అప్పటినుంచి విప్పిన నట్టును దాని స్టడ్డు మీదే చేత్తో రెండు చుట్లు తిప్పి వదిలేస్తాను.

బ్రిటిష్ పాత ఇంజన్ల మీద పనిచేసేవాళ్లు మరలు కూడా గమనించాలి. అవి విట్‌వర్త్ మరలు, పళ్ల కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు షాపులో దొరికేవాటికి 60. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లుంటే, అదే సైజు అమెరికన్ ముతక మరకు 13 ఉంటాయి. అందుకే నట్టు మొదట బాగానే ఎక్కి, రెండు చుట్ల తర్వాత బిగుసుకుంటుంది. బలం పెట్టకండి, వెనక్కి తిప్పేయండి. పాత స్టడ్డు పాడైతే కొత్తది చేయించుకోవడం చిన్న పని కాదు.

తుప్పుకి పట్టేసిన నట్లకి చొచ్చుకుపోయే నూనె రాసి వారం వదిలేయండి. తర్వాత వేడి చేసి చూడండి. ఉలి పెట్టి కొట్టడం అన్నీ అయ్యాక చివరి దారి.

ఇప్పుడు బాయిలర్ దగ్గరికి వద్దాం. ఫైర్‌బాక్స్ అంటే ఒక పెట్టెలో ఇంకో పెట్టె. లోపలి దాంట్లో మంట, రెండింటి మధ్య నీళ్లు. లోపలా బయటా ఉన్న పలకల్ని పట్టి ఉంచేవి వందల కొద్దీ స్టే బోల్టులు. ఒకటి విరిగితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, అవీ విరగడం మొదలవుతుంది. ఎక్కువగా విరిగేవి పైమూలల్లో, పక్క పలకల పైవరసల్లో ఉన్నవి. కనిపెట్టడానికి పాత పద్ధతి చిన్న సుత్తి. ఒకరు ఫైర్‌బాక్స్ లోపల కూర్చుని ఒక్కో బోల్టు తల మీద తడతారు. బాగున్న బోల్టు ఖంగుమంటుంది, సుత్తి చేతిలో ఎగిరి వస్తుంది. విరిగిన దాని మీద ఆ చప్పుడు చచ్చిపోతుంది, సుత్తి అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. మొదటి రోజు నాకు రెండింటికీ తేడా తెలియలేదు. మా పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, విరిగిందని ముందే తెలిసిన బోల్టు మీద ఇరవైసార్లు కొట్టించాడు. "చెవితో కాదమ్మా, మణికట్టుతో విను" అన్నాడు. అప్పుడు తెలిసింది. మీరు కూడా ముందు అలాంటి బోల్టు మీదే మొదలుపెట్టండి. ఒకరు కొడుతుంటే ఇంకొకరు పటం మీద గుర్తు పెట్టాలి. కొట్టేవాళ్లే రాసుకుంటే వరస తప్పుతుంది. కొన్ని బోల్టులకి బయటి చివర సన్నటి రంధ్రం ఉంటుంది. బోల్టు విరిగితే ఆ రంధ్రం లోంచి నీళ్లో ఆవిరో కారి చెబుతుంది. అందుకే ఆ రంధ్రాలు రంగుతో గానీ మట్టితో గానీ పూడిపోకుండా చూడాలి.

పలకల మందం అల్ట్రాసోనిక్ మీటరుతో కొలుస్తారు. ఆ లెక్కలు చూసి ఏది ఉంచాలో ఏది మార్చాలో చెప్పాల్సింది అర్హత ఉన్న బాయిలర్ ఇన్‌స్పెక్టర్. మనం శుభ్రం చేసి, కొలిచి, రాసి ఇవ్వడం వరకే.

ఇంత పట్టుదల ఎందుకో ఒక సంఘటన చెబుతుంది. 1995 జూన్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్ రైల్‌రోడ్ వారి 1278 నంబరు ఇంజను ప్రయాణికుల బండి లాగుతుండగా ఫైర్‌బాక్స్ పైకప్పు లోపలికి కూలింది. క్యాబ్‌లోని ముగ్గురూ కాలి గాయపడ్డారు. నీళ్లు తగ్గి పైకప్పు బయటపడి ఎర్రగా కాలింది. నీటిమట్టం చూపే గేజ్ గ్లాస్ దారులు పొలుసు కట్టి పూడిపోవడంతో అద్దం నిజం చెప్పలేదు. ఆ తర్వాత 1999లో అక్కడి నియమాలు తిరగరాశారు. ఇంజను 1,472 రోజులు పనిచేసినా, 15 ఏళ్లు గడిచినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్‌ని పూర్తిగా విప్పి చూడాలి. గేజ్ గ్లాస్ దారుల్లో తీగ దూర్చి శుభ్రం చేసే పని మా షెడ్డులో నేను ఎవరికీ వదలను.

మరమ్మతు అయ్యాక నీళ్లతో ప్రెషర్ పరీక్ష. గాలి బుడగ మిగలకుండా నింపాలి. నీరు పెద్దగా కుంచించుకుపోదు కాబట్టి ఎక్కడన్నా పగిలినా ప్రెషర్ వెంటనే పడిపోతుంది. గాలితో చేస్తే అదే పేలుడు అవుతుంది. పంపు చేత్తో మెల్లగా కొట్టండి, ప్రతి అతుకూ టార్చి లైటుతో చూడండి.

మొదటి మంట చిన్నదిగా వేయాలి. చల్లటి బాయిలర్‌కి రోజంతా పట్టినా ఫర్వాలేదు. పైన వేడెక్కి కింద చల్లగా ఉంటే పలకలు ఒకేలా సాగవు, అతుకులు వదులవుతాయి. ఇంజను కదిలించే ముందు సిలిండర్ కాక్‌లు, అంటే సిలిండర్‌లోని నీళ్లు బయటికి వదిలే కుళాయిలు, తెరిచి ఉంచండి. లోపల చేరిన నీటిని పిస్టన్ నొక్కితే సిలిండర్ మూతే పగులుతుంది.

రంగు గురించి చేయాల్సిన పని ఒకటి మాత్రం మొదటి వారంలోనే ఉంది. పాత రంగు గీకేయకముందు, ఎండ తగలని చోట అరచేయంత మేర నీళ్లతో తడిపిన ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకూడదు. చెట్టు మాను కోస్తే కనిపించే వలయాల్లా రంగు పొరలు ఒకదాని కింద ఒకటి బయటపడతాయి. మా ఇంజనుకు నలుపు కింద ముదురు ఆకుపచ్చ, దాని కింద సన్నటి ఎర్ర గీత కనిపించాయి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి రిజిస్టర్ మొదటి పేజీలో అంటించాం. ఏడేళ్లయినా అది ఇంకా అక్కడే ఉంది.