ర్యామ్ పట్టుకునే ముందు ఇనుము పట్టుకోండి

చలికాలంలో ఉన్ని దుప్పటి దులిపితే చిటపటమంటుంది కదా, ర్యామ్ (మెమరీ చిప్‌లుండే చిన్న పలక) మార్చడానికి కంప్యూటర్ విప్పినప్పుడు భయం ఆ స్టాటిక్ కరెంటుతోనే. మన చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులుండాలి. కొన్ని చిప్‌లకు 100 వోల్టులు కూడా ఎక్కువే. అంటే మనకు తెలియకుండానే చిప్‌లు పాడైపోతాయి.

సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్ 5 సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబినెట్ తలుపు తీశాక, లోపల రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో గట్టిగా పట్టుకోండి, ఒంట్లో చేరిన స్టాటిక్ దాంట్లోకి పోతుంది. కుర్చీలోంచి లేచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పట్టుకోవాలి (నేను మర్చిపోయేది ఇక్కడే). అందుకే ఇప్పుడు ఎడమ ముంజేతిని ఆ ఇనుముకే ఆనించి పని చేస్తున్నాను. కొత్త ర్యామ్‌ని బిగించే నిమిషం దాకా దాని కవర్‌లోనే ఉంచి, అంచులతోనే పట్టుకోండి. బంగారు రంగు పళ్లలాంటి భాగాలను తాకొద్దు. పాలిస్టర్ చొక్కా కన్నా నూలుది నయం.

రంగు పూసిన చోట పట్టుకుంటే మాత్రం ఉపయోగం లేదు, పెయింట్ ఆ కరెంటుకు అడ్డుపడుతుంది. ప్లాస్టిక్ బాడీ లాప్‌టాప్‌కీ అంతే. దానికి రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్‌ను వైరు ద్వారా బయటికి పంపే మణికట్టు పట్టీ) కొనుక్కోవడమే మేలు.