పత్తి పైసలు షేర్లలో పెట్టారా? ఫలితాల సీజన్‌కు ముందు ఈ జాగ్రత్తలు

మన దగ్గర పత్తి, వడ్ల పైసలు చేతికొచ్చే నెలల్లోనే కంపెనీల త్రైమాసిక ఫలితాలూ వస్తాయి. సెప్టెంబర్‌తో ముగిసే మూడు నెలల లెక్కలు నవంబర్ 14లోపు, డిసెంబర్‌తో ముగిసేవి ఫిబ్రవరి 14లోపు చెప్పాలి. మిర్యాలగూడలోనైనా జడ్చర్లలోనైనా కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచినవాళ్ల కన్ను ముందు బాగా పెరిగిన షేరు మీదే పడుతుంది. ఆ పెరుగుదలలో ఊపు ఇంకా ఉందా, తగ్గుతోందా అన్నది ఫలితాలకు ముందే చూసుకోవాలి.

అందుకు ఎక్కువమంది వాడేది ఆర్‌ఎస్‌ఐ. వెల్స్ వైల్డర్ 1978లో పరిచయం చేసిన కొలత ఇది. మామూలుగా 14 రోజుల పెరుగుదల సగటును తరుగుదల సగటుతో పోల్చి, 0 నుంచి 100 మధ్య ఒక అంకె చూపిస్తుంది. 70 దాటితే జనం అతిగా కొన్నారని అంటారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 70 కనిపించగానే ఉన్న షేర్లన్నీ అమ్మేస్తారు, లేదంటే పడుతుందని పందెం కాస్తారు. బలమైన షేరు వారాల తరబడి 70 పైనే తిరగగలదు. ఆ అంకె ఒక్కదాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

నిజంగా పట్టించుకోవాల్సింది డైవర్జెన్స్‌ని, అంటే ధర ఒక దిక్కు, ఊపు ఇంకో దిక్కు పోవడాన్ని. శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సు పైకి పోతూనే ఉంటుంది, వేగం మాత్రం పడిపోతుంది. షేరు 480కి చేరినప్పుడు ఆర్‌ఎస్‌ఐ 78 ఉందనుకుందాం. తర్వాత 450కి దిగి, మళ్లీ లేచి 505 తాకింది, కానీ ఈసారి ఆర్‌ఎస్‌ఐ 66 దగ్గరే ఆగింది. ధర కొత్త శిఖరం ఎక్కినా ఊపు ఎక్కలేదు. ఇది హెచ్చరికే, తీర్పు కాదు. మధ్యలో దిగిన 450 కిందికి షేరు ముగిసిన రోజే అనుమానం బలపడినట్టు. అప్పటిదాకా కొత్తగా కొనడం ఆపి, స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) కాస్త పైకి జరుపుకుంటే చాలు.

ఇంకో కొలత ఎంఏసీడీ. ఇది షేరు ధర 12, 26 రోజుల సగటుల తేడాను చూపిస్తుంది. అది తన 9 రోజుల సిగ్నల్ గీత కిందికి జారితే బలహీనత అంటారు. షేరు ఒకే చోట ఊగిసలాడుతుంటే ఈ గీతలు పదేపదే దాటుకుంటాయి, ప్రతిసారీ నమ్మితే బ్రోకరేజీ తప్ప మిగిలేదేమీ ఉండదు. వారం చార్ట్‌లోనూ అదే కనిపిస్తే బరువు ఎక్కువ. ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ, స్టోకాస్టిక్ (ఇదీ ఊపు కొలతే) మూడూ కిందికి చూపిస్తున్నాయని ధీమా పడకండి. మూడూ ధర నుంచే పుట్టాయి, ముగ్గురు సాక్షులు కారు. వాల్యూమ్, అంటే ఎన్ని షేర్లు చేతులు మారాయో కూడా చూడండి.

బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్టాక్ స్ప్లిట్ (ఒక షేరును ముక్కలు చేయడం) వచ్చినప్పుడు ధర ఒక్క రోజులో సగమైనట్టు కనిపించవచ్చు. చార్ట్‌ను సవరించకపోతే ఈ కొలతలన్నీ కూలినట్టే చూపిస్తాయి, అది నిజమైన పతనం కాదు.

ఫలితాలు చాలాసార్లు మార్కెట్ మూసిన 3:30 తర్వాత వస్తాయి. మర్నాడు 9:15కి షేరు ఒకేసారి కింద తెరుచుకుంటే, స్టాప్‌లాస్ మీరు రాసిన ధరకు కాక దొరికిన ధరకు అమ్మొచ్చు, లేదా అమ్ముడే కాకపోవచ్చు. రోజుకు 5 శాతం పరిమితి ఉన్న చిన్న షేరు లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు ఇక దిగలేని కింది హద్దు) పడితే కొనేవాళ్లే ఉండరు. అందుకే ఊపు తగ్గిన షేరులో ఫలితాలకు ముందే కొంత అమ్మి బయటపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. యాసంగి పెట్టుబడికి కావాల్సిన పైసలైతే అసలు అక్కడ ఉంచొద్దు.

పడే షేరు మీద సంపాదిద్దామని పుట్ ఆప్షన్లు (ధర పడితే లాభమిచ్చే ఒప్పందాలు) కొనేవాళ్లకు ఒక లెక్క. 2021-22 నుంచి 2023-24 దాకా ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. షేర్లు నేరుగా కొని అమ్మే క్యాష్ మార్కెట్‌లో చేతిలో లేని షేరు ముందే అమ్మితే అదే రోజు తిరిగి కొనాలి. ఆ లోపు అది అప్పర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు ఇక పెరగలేని పై హద్దు) బిగుసుకుంటే కొనడానికి దొరకదు, వ్యవహారం ఆక్షన్‌కు (ఎక్స్ఛేంజీ వేలంలో కొని ఇవ్వడానికి) పోతుంది, ధర తేడాతో పాటు జరిమానా కూడా మీరే కట్టుకోవాలి.